ఇత్తడి గిన్నెలో పాలు, ఇనుప మూకుడులో కూర

ప్రశ్న: మా అత్తగారు పోయాక ఆవిడ సామాను మా ఇంటికి చేరింది. రెండు ఇత్తడి గిన్నెలు, నాలుగు కంచు కంచాలు, ఒక రాగి బిందె, ఒక ఇనుప మూకుడు ఉన్నాయి. స్టీలు, అల్యూమినియం విషమని, రాగి నీళ్లు తాగితే రక్తం పడుతుందని ఫోనులో వీడియోలు చూసి ఇవన్నీ వాడుకలోకి తెచ్చాం. మా అమ్మాయికి పదహారేళ్లు, పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఇనుప మూకుడులో వండిపెడితే సరిపోతుందా? మావారు రాగి సీసాలో నిమ్మరసం కలిపిన నీళ్లు పోసుకుని ఆఫీసుకు తీసుకువెళుతున్నారు. మా ఆడపడుచు ఎనిమిది నెలల బాబుతో వచ్చి మా దగ్గరే ఉంది, బాబుకు పాలు ఇత్తడి గిన్నెలోనే కాస్తోంది, పర్వాలేదు కదా? మా మామగారికి తుంటి కీలు మార్చారు. ఆసుపత్రి కాగితంలో కోబాల్టు, క్రోమియం, టైటానియం అని రాసి ఉంది. అవి ఒంట్లో కరుగుతాయేమోనని ఆయనకు భయం పట్టుకుంది.
(కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీరు ఉత్తరం మధ్యలో, పర్వాలేదు కదా అని ఒక్క మాటలో అడిగిన బాబు పాల సంగతి ముందుగా చెబుతాను. మిగిలినవన్నీ నాలుగు రోజులు ఆగి ఆలోచించుకున్నా నష్టం లేదు గానీ ఇది మాత్రం ఈ పూటే మారాలి. బాబుకు పాలు ఇత్తడి గిన్నెలో కాచవద్దు, కాచిన పాలను అందులో నిలవ ఉంచవద్దు, రాగి బిందెలోని నీళ్లు కూడా వాడికి పట్టవద్దు. స్టీలు గిన్నె చాలు. నేను చాలా ఏళ్లు కాలేజీలో లోహశాస్త్రం బోధించినవాణ్ణే తప్ప వైద్యుణ్ణి కాను కాబట్టి, ఒంటికి సంబంధించిన నిర్ణయాలన్నీ మీ డాక్టరు గారితో మాట్లాడి తీసుకోవాలని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో ఒకప్పుడు ఆరు నెలల నుంచి నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో కాలేయం గట్టిపడిపోయే జబ్బు ఒకటి ఉండేది. పొట్ట ఉబ్బి, కామెర్లు వచ్చి, చాలామంది పిల్లలు నెలల వ్యవధిలోనే చనిపోయేవారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడంతో వంశపారంపర్యమని అనుకునేవారు. ఆ పిల్లల కాలేయంలో రాగి విపరీతంగా పేరుకుపోయి ఉన్నట్లు తేలాక, 1980లలో పూణే ప్రాంతంలో పరిశోధకులు ఆ ఇళ్లలోని వంటపాత్రల మీద దృష్టి పెట్టారు. తల్లిపాలు మాన్పించి, ఆవుపాలో గేదెపాలో ఇత్తడి పాత్రల్లో కాచి, వాటిలోనే నిలవ ఉంచి పట్టించిన ఇళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. పాలలో సహజంగా రాగి చాలా తక్కువ. కానీ పాలలోని కేసీన్ అనే మాంసకృత్తికి రాగిని పట్టుకునే గుణం ఉంది, అందువల్ల పాత్ర గోడ నుంచి వదిలిన రాగి పాలలో పేరుకుంటుంది. ఆస్ట్రియాలోని టైరోల్ కొండ ప్రాంతంలో కూడా ఇదే కథ నడిచింది. అక్కడ 1900 నుంచి 1974 వరకు 138 మంది పసిపిల్లలు అచ్చం ఇలాంటి జబ్బుతో పోయారు, కళాయి, అంటే లోపల తగరం పూత, లేని రాగి పాత్రల్లో పాలు కాచడం మానేశాక ఆ జబ్బూ మాయమైంది. మన దగ్గర కూడా పాల కోసం ఇత్తడి పాత్రలు వాడడం తగ్గిపోయేకొద్దీ ఈ జబ్బు అరుదైపోయింది. పుట్టుకతో వచ్చే లోపం ఏదైనా కొంత తోడైందా అన్న చర్చ వైద్యుల్లో ఉంది, కానీ పాత్ర మార్చడానికి ఆ చర్చ తేలేదాకా ఆగవలసిన పని లేదు. పెద్దవాళ్ల కాలేయం ఎక్కువైన రాగిని పైత్యరసంలో కలిపి బయటకు పంపేస్తుంది. పసివాడి కాలేయానికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. మీ ఆడపడుచు ఇన్నాళ్లుగా ఇత్తడిలో కాచిన పాలు పట్టి ఉంటే, భయపడకుండా పిల్లల డాక్టరుకు ఆ మాట చెప్పి ఒకసారి చూపించమనండి. ఏడాది నిండేదాకా తల్లిపాలే ప్రధానంగా ఉండడం, ఆవుపాలను ప్రధాన ఆహారం చేయకపోవడం మంచిదని కూడా ఆయన చెబుతారు, ఎందుకంటే ఆవుపాలలో ఇనుము దాదాపు లేనట్లే.

ఇక మీ అత్తగారి సామాను విషయానికి వస్తాను. అవి విషమూ కావు, మందూ కావు. ఇత్తడి అంటే రాగిలో సుమారు మూడో వంతు జింకు కలిపి చేసిన మిశ్రమలోహం. ఈ జింకునే పాతవాళ్లు తుత్తునాగం అనేవారు. మన ఇళ్లలో ఇత్తడిని చింతపండుతో తోముతారు కదా, అప్పుడు ఏం జరుగుతోందో ఒకసారి గమనించండి. నల్లబడిన గిన్నె మీద చింతపండు గుజ్జు రాయగానే కింద నుంచి బంగారు రంగు బయటపడుతుంది, మీ చేతిలోని గుజ్జు మాత్రం నల్లగా, ఒక్కోసారి పచ్చగా మారుతుంది. గాలి తగిలి లోహం మీద ఏర్పడిన పొరను చింతపండులోని పులుపు కరిగించి తనలో కలుపుకుంది. అదే చింతపండు గిన్నె లోపల పులుసై అరగంట ఉడికితే అదే పని చేస్తుంది, తేడా ఏమిటంటే ఈసారి కరిగినదాన్ని మనం కడిగి పారబోయం, అన్నంలో కలుపుకుని తింటాం. పులుసు, చారు, మజ్జిగ, టమాటా, నిమ్మకాయ, పచ్చడి, ఇవేవీ కళాయి లేని ఇత్తడిలో గానీ రాగిలో గానీ వండకూడదు, పోసి ఉంచకూడదు అనడానికి కారణం అంతే. పులుసుకు రాచ్చిప్ప, ఆవకాయకు జాడీ అని మన పెద్దవాళ్లు వేరువేరుగా పెట్టుకున్నది రుచి కోసమే అని చాలామంది అనుకుంటారు. రాయికీ పింగాణీకీ పులుపుతో పని లేదన్న సంగతి వాళ్ల అనుభవంలో ఉంది.

ఇత్తడిలో వండాలనే ఉంటే కళాయి వేయించండి. మా చిన్నతనంలో కళాయి వేసేవాళ్లు వీధి మూల గుంట తవ్వి, తోలుతిత్తితో నిప్పులు రాజేసి, ఊరందరి గిన్నెలూ ముందేసుకుని కూర్చునేవారు. గిన్నెను కాల్చి, అందులో నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ వచ్చేది. ఆ నవసాగరమే లోహం మీది మలిన పొరను వదలగొడుతుంది. వెంటనే తగరం ముక్క తాకించి, దూదితో గిన్నె అంతా రాస్తే వెండిలా తెల్లటి పూత పరుచుకునేది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది కాబట్టి ఆ పని అంత తేలికగా అయ్యేది, అందుకే కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పూత కరిగి పోతుంది. ఇందులో జాగ్రత్త పడవలసినది ఒకటే ఉంది. తగరం ఖరీదు, సీసం చవక. రెండింటినీ తగుపాళ్లలో కలిపితే 183 డిగ్రీలకే కరిగి పని ఇంకా సులువవుతుంది. సీసానికి మన శరీరంలో ఏ పనీ లేదు, పిల్లల మెదడుకు అది చేసే హానికి సురక్షితమైన మోతాదు అంటూ కూడా ఏదీ లేదు. కాబట్టి వంటపాత్రకు కళాయి వేయించేటప్పుడు శుద్ధ తగరమే వాడతారని నమ్మకం ఉన్నచోట, కళ్లెదుట వేయించండి. శుద్ధ తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే లోపలి స్ఫటికాలు కదిలి కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది, సీసం కలిసిన కడ్డీలో అది తగ్గిపోతుంది. అయితే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అలాంటి మనిషి దొరకకపోతే ఆ రెండు ఇత్తడి గిన్నెలూ బియ్యం, పప్పు పోసుకోవడానికి ఉంచుకోండి. లోపల పచ్చటి చిలుము కనబడితే తోమకుండా ఏదీ అందులో పోయవద్దు.

కంచు కంచాలను నిశ్చింతగా వాడుకోండి. కంచంలో కంచు పేరు ఊరికే వినిపించడం లేదు. మంచి కంచులో వంద పాళ్లకు సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఇంత తగరం కలిస్తే లోహం గాజులా పెళుసెక్కి పగిలిపోవాలి. దాన్ని ఎర్రగా కాల్చి, ఆ వేడిలోనే సుత్తులతో సాగదీసి, చివరికి నీళ్లలో ముంచి చల్లార్చితే ఆ పెళుసుతనం చాలావరకు పోతుందని మన కంచరివాళ్లు కనిపెట్టారు. కరిగించడం నేర్చినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు గానీ, ఈ మిశ్రమం ఏ వేడిలో సాగుతుందో, ఏ వేడిలో విరుగుతుందో కంటికి కనబడే ఎరుపును బట్టి పట్టుకున్నవాళ్లు తక్కువ. పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం తగ్గని విషయం ఇది. శ్రీకాకుళం జిల్లా బుడితిలోను, జనగామ దగ్గరి పెంబర్తిలోను ఇత్తడి, కంచు పనులు ఇప్పటికీ చేస్తున్నారు. అన్నం తినేసేంత సేపట్లో కంచు నుంచి దిగే రాగి లెక్కలోకి రాదు. పెరుగన్నం కలిపి రాత్రంతా అందులో వదిలేయకండి, అంతే.

మీవారి సీసా మాత్రం పట్టించుకోవలసినదే. రాగి పాత్రలో రాత్రంతా ఉంచిన మామూలు నీళ్లలో రోగం కలిగించే బ్యాక్టీరియా తగ్గిపోతుందని ప్రయోగశాలల్లో తేలింది, అది నిజమే. అలా దిగే రాగి కూడా సాధారణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన లీటరుకు 2 మిల్లీగ్రాముల హద్దు లోపే ఉంటుంది. కానీ అందులో నిమ్మరసం పిండగానే లెక్క మారిపోతుంది. ఇత్తడి మీద చింతపండు చేసిన పనే రాగి మీద నిమ్మ చేస్తుంది. లీటరులో రాగి మూడు నాలుగు మిల్లీగ్రాములు దాటితే కడుపులో వికారం, వాంతులు, నొప్పి మొదలవుతాయి. మీవారికి మధ్యాహ్నానికల్లా కడుపులో తిప్పుతున్నట్లుగా ఉంటోందా అని ఒకసారి అడగండి. నిమ్మరసం తాగాలనుకుంటే గాజు సీసాలోనో స్టీలు సీసాలోనో పోసుకోమనండి, రాగి సీసాలో ఉత్త నీళ్లే పోయండి. ఆ నీళ్లు తాగడం వల్ల వడపోత అక్కర్లేదని కూడా అనుకోవద్దు. నీళ్లలో ఫ్లోరైడు గానీ నైట్రేటు గానీ ఉంటే రాగి వాటిని ముట్టదు. ఇంట్లో ఎవరికైనా విల్సన్ జబ్బు ఉంటే, అంటే కాలేయం రాగిని బయటకు పంపలేని పుట్టుకతో వచ్చే లోపం ఉంటే, వాళ్లు రాగి పాత్రల జోలికే పోకూడదు.

రాగి నీళ్లు తాగితే రక్తం పడుతుందన్న మాటలో ఒక పిసరు నిజం ఉంది, అందుకే అది అంత తేలికగా నమ్మకం పుట్టిస్తోంది. ఇనుము ఒంట్లో ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్లాలంటే దాని రసాయన రూపం మారాలి. ఆ మార్పు చేసే ప్రోటీన్లలో రాగి ఉంటుంది. ఒంట్లో రాగి బాగా తగ్గిపోతే ఇనుము ఉండి కూడా కదలక, రక్తహీనత వస్తుంది. అయితే అలా రాగి తగ్గడం చాలా అరుదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే, అది పప్పుల్లో, నువ్వుల్లో, వేరుశనగల్లో దొరికిపోతుంది. నిజానికి నేను చూసినంతలో రాగి తగ్గడానికి ఇంట్లో జరిగే పొరపాటు వేరొకటి ఉంది. డాక్టరు చెప్పకుండా జింకు మాత్రలు నెలల తరబడి మింగితే, పేగులో జింకు రాగిని అడ్డుకుని రక్తహీనత తెచ్చిపెట్టగలదు. జింకు మంచిదే, పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు పది పద్నాలుగు రోజులు జింకు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రోజుల లెక్క దాటి కొనసాగించడంలోనే చిక్కు వస్తుంది. మన ఒంట్లో రాగి మొత్తం కలిపితే పదో వంతు గ్రాము మాత్రమే, జింకు రెండు మూడు గ్రాములు, ఇనుము నాలుగు గ్రాముల లోపు. ఇంత చిన్న మొత్తాల దగ్గర ఎక్కువా తక్కువా రెండూ దెబ్బతీస్తాయి. కాల్షియం కూడా లోహమే, ఎముకల్లో సుమారు కిలో ఉంటుంది. దానికి ఉన్నంత వెసులుబాటు వీటికి లేదు.

ఇప్పుడు మీ అమ్మాయి విషయం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది ఆ 9.2 అంకె. ఆ వయసు ఆడపిల్లకు డెసీలీటరు రక్తంలో కనీసం 12 గ్రాములు ఉండాలి. ఎనిమిదికి దిగితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క, మీ అమ్మాయి దానికి ఎంతో దూరంలో లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందరికీ ఉన్నదే కదా అని తేలికగా తీసుకోవడానికి ఆ అంకెను వాడుకోవద్దని నా మనవి.

ఇనుప మూకుడులో వండడం మంచిదే. ఇథియోపియాలో పిల్లల మీద జరిపి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఇనుప పాత్రల్లో వండిన తిండి తిన్నవాళ్ల హిమోగ్లోబిన్ అల్యూమినియం పాత్రల్లో వండినది తిన్నవాళ్ల కంటే ఎక్కువగా పెరిగింది. ఇత్తడిలో హాని చేసే పులుపు ఇనుములో మేలు చేస్తుంది, టమాటా కూర, గోంగూర ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కరిగి కూరలోకి వస్తుంది, కూర రంగు నల్లబడేది అందుకే. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే లోహపు రుచి పట్టుకుంటుంది. మూకుడును కడిగి, తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె చుక్క రాసి పెట్టండి. అయితే ఒక పూట కూరలోకి ఎంత ఇనుము దిగుతుందో ఎవరూ కొలిచి చెప్పలేరు. మూకుడు పాతబడిందా, కూర ఎంత పుల్లగా ఉంది, ఎంతసేపు ఉడికింది అన్నవాటిని బట్టి అది మారుతుంది. పైగా కరిగిన ఇనుమంతా ఒంటికి పట్టదు, కూరగాయల ద్వారా వచ్చే ఇనుములో చాలా కొద్ది భాగాన్నే పేగు లోపలికి తీసుకుంటుంది. ఇది మన శరీరానికి ఉన్న గొప్ప జాగ్రత్త కూడా, ఎందుకంటే ఒకసారి లోపలికి వచ్చిన ఇనుమును బయటకు పంపే దారి శరీరానికి లేదు, అందుకని గుమ్మం దగ్గరే కాపలా పెట్టుకుంది. ఎర్ర రక్తకణం నూట ఇరవై రోజులు బతికి పోతే అందులోని ఇనుమును మళ్లీ కొత్త కణానికి వాడుకుంటుంది. రోజుకు కొత్తగా కావలసినది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే ఆడపిల్లకు ఆ కొద్దిపాటి లెక్క తప్పుతుంది, నెలనెలా తప్పుతూ పోయి 9.2 దగ్గర తేలుతుంది.

కాబట్టి మూకుడును నిలబెట్టుకునే అలవాటుగా ఉంచుకోండి, వైద్యాన్ని మాత్రం డాక్టరుకు అప్పగించండి. పూర్తి రక్తపరీక్షతో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో తెలుస్తుంది. నెలసరి ఎక్కువగా అవుతోందా, కడుపులో నులిపురుగులు ఉన్నాయా, బీ12 తక్కువా, తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే లోపం) లక్షణం ఏదైనా వంశంలో ఉందా అన్నవి ఆయన చూస్తారు. ఈ చివరిది ముఖ్యం, తలసీమియా వల్ల రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు ఇనుము కొరత లేకుండానే ఇనుము ఇస్తూ పోతే హాని జరుగుతుంది. ఇనుము మాత్ర రాసిస్తే, దాన్ని టీ, కాఫీ, పాలకు కనీసం గంట దూరంగా, నిమ్మరసం నీళ్లతోనో ఉసిరికాయతోనో వేసుకోమనండి, పులుపులోని విటమిన్ సి ఇనుమును పేగు తీసుకోగల రూపంలో ఉంచుతుంది. మలం నల్లగా రావడం మామూలే, అది చూసి మానేయవద్దు. మాత్ర సరిగా పనిచేస్తుంటే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరగాలి. 12 దాటిందని ఆపేయకుండా, నిల్వలు నిండడానికి మరో రెండు మూడు నెలలు డాక్టరు చెప్పినట్లు వాడాలి. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతిని 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సాధించిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మీ అమ్మాయి మాత్ర వేసుకోవడానికి మొండికేస్తే ఈ సంగతి చెప్పి చూడండి. మరొక మాట, ఇంట్లో పాకే పిల్లాడు ఉన్నాడు. పెద్దవాళ్లకు మేలు చేసే ఇనుము మాత్రలు ఆ వయసు పిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. సీసాను అలమరలో పై అరలో, తాళం వేసి పెట్టండి.

స్టీలును పారేయమని చెప్పే వీడియోల సంగతి కొద్ది మాటల్లో చెబుతాను. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, పైన కంటికి కనబడనంత పలచటి క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గీత పడ్డా గాలి తగలగానే ఆ పొర తిరిగి కట్టుకుంటుంది. తుప్పు పట్టని ఈ ఉక్కును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. మంచి వంట స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. కొత్త గిన్నెలో పులుపు వండితే మొదట్లో కొద్దిగా నికెలు, క్రోమియం దిగుతాయి, వాడేకొద్దీ తగ్గిపోతాయి. గిల్టు నగలు పెట్టుకుంటే దురద వచ్చే మనుషులకు తప్ప మామూలువాళ్లకు దానివల్ల ఇబ్బంది లేదు. అయస్కాంతం అంటుకోకపోతే అసలైన స్టీలు అని దుకాణాల్లో చెప్పే మాటను పూర్తిగా నమ్మవద్దు. నికెలు తగ్గించి మాంగనీసు పెంచి చేసే చవక రకానికీ అయస్కాంతం అంటుకోదు. స్టీలుకు నిజమైన శత్రువు ఉప్పు. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి అడుగున వదిలేస్తే సన్నటి గుంటలు పడతాయి కాబట్టి, నీళ్లు మరిగాక ఉప్పు వేయండి.

మనం సిల్వరు గిన్నెలని పిలిచేవి అల్యూమినియం. ఈ లోహానికి మన ఒంట్లో ఏ పనీ లేదు. మూత్రపిండాలు బాగున్నవాళ్లు తిండితో వచ్చే కొద్దిపాటి అల్యూమినియాన్ని బయటకు పంపేస్తారు, మతిమరుపు జబ్బుకు అదే కారణమని రుజువు కాలేదు. అన్నం వండుకోండి, పులుసు మాత్రం వద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే స్టీలుకు మారడం మంచిది. తుక్కు కరిగించి పోతపోసిన, తయారీదారు పేరు లేని గిన్నెల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటివి కొనకండి.

చివరగా మీ మామగారికి చెప్పవలసినవి. ఆ కాగితంలో రాసిన మూడింటిలో టైటానియం తుంటి ఎముకలోకి దిగే కాడ అయి ఉంటుంది. దానిలో సాధారణంగా 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలుపుతారు. టైటానియం మీద కూడా స్టీలు లాగే ఒక పొర కట్టుకుంటుంది, రక్తంలోని ఉప్పు సైతం దాన్ని తేలికగా తినలేదు. 1952లో స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్, కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం గొట్టాన్ని తిరిగి తీయబోతే రాలేదు, ఎముక దాన్ని తనలో కలుపుకుని పట్టేసింది. ఆ పరిశీలన మీదే ఈనాటి పంటి ఇంప్లాంట్లు నిలబడి ఉన్నాయి. అదీగాక టైటానియం స్టీలు కంటే బాగా మెత్తగా వంగుతుంది, అందువల్ల నడిచేటప్పుడు పడే బరువులో కొంత ఎముకకూ అందుతుంది. బరువు అందని ఎముక క్రమంగా పలచబడిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కోబాల్టు, క్రోమియం కలిపి చేసినది కీలులోని గుండు. నునుపుగా, గట్టిగా ఉండి అరగకుండా ఉండాలి కాబట్టి అక్కడ టైటానియం పనికిరాదు. క్రోమియం క్యాన్సరు తెస్తుందని ఆయన ఎక్కడో చదివి ఉంటారు. తోళ్ల శుద్ధి, పూత పనుల పరిశ్రమల దగ్గర భయపెట్టే క్రోమియం రసాయన రూపం వేరు, ఈ గుండు లోహంలో ఉన్నది వేరు. కోబాల్టు కూడా ఒంటికి పరాయిది కాదు, బీ12 విటమిన్ అణువు నడిబొడ్డున ఉన్నది కోబాల్టు పరమాణువే. శాకాహారులకు అది పాలు, పెరుగు ద్వారా చేరుతుంది. అయినా భయానికి పూర్తిగా ఆధారం లేదని చెప్పడం నిజాయితీ కాదు. కొంతకాలం క్రితం గుండూ, అది తిరిగే గిన్నే రెండూ లోహంతోనే చేసిన కీళ్లు ఎక్కువగా వాడారు. వాటిలో కొన్ని రకాలు ఒకదానితో ఒకటి రాసుకుని సన్నటి లోహపు పొడి రాలి, చుట్టుపక్కల కండ దెబ్బతిని, రక్తంలో కోబాల్టు పెరిగి, కొందరికి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా గుండు లోహంతోనో పింగాణీతోనో చేసి, గిన్నె లోపల గట్టి పాలిథీన్ పొర పెడతారు. మీ మామగారిది ఏ రకమో సర్జన్‌ను అడిగి తెలుసుకోండి. పాలిథీన్ పొర ఉన్నదైతే ఈ విషయంలో ఆయన నిశ్చింతగా ఉండవచ్చు. లోహం మీద లోహం రకమైతే ఏటా చూపించుకోవాలి. ఏ రకమైనా సరే, గజ్జ దగ్గర కొత్తగా నొప్పి, వాపు వస్తే ఆలస్యం చేయవద్దు.

ఆ ఆసుపత్రి కాగితాన్ని జాగ్రత్త చేయండి. అందులోని తయారీ పేరు, సంఖ్య ఉన్న అతుకు కాగితాన్ని ఫోటో తీసి మీ ఫోనులో కూడా ఉంచుకోండి. రేపెప్పుడైనా ఎమ్మారై స్కాన్ చేయవలసి వస్తే గదిలోకి వెళ్లకముందే అక్కడివాళ్లకు దాన్ని చూపించాలి. ఈ లోహాలు అయస్కాంతానికి ఊడి వచ్చేవి కావు, కానీ ఏ యంత్రంలో ఏ అమరికతో స్కాన్ చేయాలో వాళ్లు ఆ సంఖ్యను చూసే నిర్ణయిస్తారు.